వయొలిన్ మోగని రోజు

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా, సీరియల్లో లాగే, మాటలకు గోడలే సంగీతం వాయిస్తున్నాయి. దుఃఖానికి వయొలిన్, శుభవార్తకు సన్నాయి. మాణిక్యాంబ ఇంట్లో గోడ ఆ పొద్దుటే మూగబోయింది.

మధ్యాహ్నం భర్త సింహాచలం వచ్చి చెప్పులు విడుస్తూ, "రేపట్నుంచి డ్యూటీకి రావొద్దన్నారు మాణిక్యం. బస్సులకింక డ్రైవర్లు అక్కర్లేదంట," అన్నాడు.

వయొలిన్ మోగలేదు గనక వేళాకోళమనుకుని ఆమె పకపకా నవ్వింది. అతను నవ్వలేదు. ఎన్నో ఏళ్లకు ఆమె అతని మొహంలోకి చూసింది. గడ్డం వణుకుతోంది. నుదుటి మీద ఇన్ని ముడతలు ఎప్పుడు పడ్డాయో!

అతని తల తన భుజానికి ఆనించుకుంది.

పొద్దున తను కబురంపిన గోడ బాగుచేసే మనిషి సాయంత్రం తలుపు తట్టాడు.

"మా గోడకేం నాయనా, బాగానే ఉంది," అంది మాణిక్యాంబ. "వెళ్లిరా."