శుక్రవారం వంతు

మెట్లెక్కి వచ్చిన పెద్దావిడ చెప్పులు గడప బయటే విడిచి, లోపలికి తొంగిచూసింది.

“బోర్లకు మిషను చేసేది ఈడేనా, పాపా?”

“ఈడే పెద్దమ్మా. ఏం కావాల?” ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే అడిగింది ప్రసూన.

“ఏమొద్దు. చూసిపోదామని వచ్చినా.”

కొంగులో మూటగట్టి తెచ్చిన టమోటాలు బల్ల మీద పోసి, ఫ్యాను కింద కూర్చుంది.

కళ్యాణదుర్గంలో ఎరువుల అంగడి మీది గది అది. ప్రసూన, శశికుమార్ కలిసి ఉమ్మడి బోర్లకు ఒక చిన్న పరికరం తయారుచేస్తున్నారు. ఎవరి వంతు వస్తే వాళ్ల మడికి అది నీళ్లు వదులుతుంది. బోరులో నీళ్లు తగ్గితే, మోటారు కాలిపోకముందే ఆపేస్తుంది.

పరికరం బాగానే ఉంది. అందులోకి పంపే ప్రోగ్రామే మొరాయిస్తోంది.

“నా ల్యాప్‌టాప్‌లో తయారుచేసింది నడుస్తాంది కదా,” అన్నాడు శశికుమార్.

“నీదాంట్లో చేస్తే నడుస్తాంది, నాదాంట్లో చేస్తే ఆగిపోతాంది. రేపు ఇంకొకరు చేస్తే? అందుకే కంటైనర్ కట్టాల.”

“కంటైనరంటే ఏం పాపా?”

ప్రసూనకు విసుగొచ్చింది. అయినా చెప్పింది.

“ఆ పరికరంలోది చిన్న చిప్పు, పెద్దమ్మా. దాని ప్రోగ్రాము అది వండుకోలేదు. మా కంప్యూటర్లో వండి పంపాల. మా కంప్యూటర్ తినేది వేరే, అది తినేది వేరే.”

“పసిబిడ్డకు వండినట్ల.”

“అట్లే అనుకో. మా ఇద్దరి వంటిండ్లు ఒక మాదిరి లేవు. అందుకే బిడ్డకు కావాల్సిన పొయ్యి, గిన్నెలు, దినుసులు అన్నీ ఒక పెట్టెలో సర్దుతాండా. ఏ కంప్యూటర్లో తెరిచినా అదే వంట రావాల.”

“అయితే ఏ ఊరికన్నా ఎత్తుకపోవచ్చు!” పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అప్పటినుంచి టౌనుకు వచ్చినప్పుడల్లా మెట్లెక్కేది.

“బిడ్డకు వంట అయిందా, పాపా?”

“ఇంగా లేదు పెద్దమ్మా.”

“టమోటాలు తేలేదే?” శశికుమార్ ఆటపట్టించాడు.

“అయిపోయినాయి లేప్పా.”

ఆమె దిగిపోగానే అతను కన్ను గీటాడు. “ఫ్యాను గాలికి వస్తాది ఆయమ్మ.”

ప్రసూన కూడా నవ్వింది.

శుక్రవారం వస్తే ఇద్దరూ పరికరాన్ని పరీక్షించడానికి దగ్గర్లోని ఒక ఊరి ఉమ్మడి బోరు దగ్గరికి పోయేవాళ్లు. బోరు వంతులు చూసే తిప్పన్న మొదట్లోనే చెప్పాడు, “శుక్రవారం మీ ఇష్టం. ఎవురూ అడ్డం రారు.” ఆ రోజు బోరుతో ఎవరికీ పని లేదేమో అనుకుంది ప్రసూన.

పోయినప్పుడల్లా అదే తంతు. మోటారు లేచేది, గొంతు పట్టినట్టు ఆగిపోయేది. మళ్లీ కంటైనర్ విప్పడం, మళ్లీ కట్టడం.

బోరు పక్కనే టమోటా మడి వారం వారం పసుపెక్కుతూ వచ్చింది.

“బోరు పక్కన పెట్టుకోని ఎండబెట్టుకున్నాడు చూడు, ఎవరో సోమరిపోతు,” అన్నాడు శశికుమార్.

ఒకరోజు అతనికి ఓపిక పోయింది.

“ఇప్పటికి నాదాంట్లో చేసిందే పెట్టేసి వద్దాం. వాళ్ల బోరు వాళ్లకు ఇచ్చేద్దాం. కంటైనర్ నిదానంగా కట్టుకో.”

“తర్వాత చిన్న మార్పు చేయాల్సి వస్తే? అన్ని ఊర్ల మోటార్లూ నిలబడిపోతాయి. ఇంకో శుక్రవారం ఆగితే ఎవరికేం పోతాది?”

ఫ్యాను కింద కూర్చున్న పెద్దావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“పాప చెప్పిందే సక్కన. గట్టిగా చేయి పాపా, తొందరపడొద్దు.”

చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది.

ఆ వారమే తప్పు దొరికింది. మూసినట్టే ఉన్న కంటైనర్, ఒక్క దినుసు మాత్రం చాటుగా బయటి ల్యాప్‌టాప్ నుంచి తెచ్చుకుంటోంది. ప్రసూన ఆ దారి మూసేసింది. ఇద్దరి ల్యాప్‌టాపుల్లోనూ ఒకే ప్రోగ్రాము, అక్షరం తేడా లేకుండా తయారైంది.

పెద్దావిడకు చెప్పాలని మెట్ల వైపు చూస్తూనే ఉంది. ఆమె రాలేదు.

శుక్రవారం మోటారు లేచింది. నీళ్లు తగ్గగానే తనంతట తానే ఆగింది. నీళ్లు ఊరాక మళ్లీ లేచింది. తిప్పన్న టెంకాయ కొట్టాడు.

“ఇంక మాకు శుక్రవారం అక్కర్లేదన్నా. ఎవరికన్నా ఇచ్చేయండి,” అంది ప్రసూన సంతోషంగా.

“ఎవరికన్నా ఏందమ్మా? ఆ వంతు ఈ మడిది.” తిప్పన్న ఎండిన టమోటా చెట్లు చూపించాడు.

వైరు చుడుతున్న ప్రసూన చేతులు ఆగిపోయాయి.

“మరి ఎవరూ అడ్డం రారంటివే?”

“మీకు ఏ దినం ఇయ్యాలని అందరూ కొట్లాడతాంటే, నాది తీసుకోండి అనింది మా రామసుబ్బమ్మ. చెట్లు పాయె. నిన్న కూలికని బెంగళూరు బస్సెక్కింది.”

“పోతా పోతా... ఏమన్నా చెప్పిందా అన్నా?”

“చెప్పింది గానీ, నాకైతే అర్థం కాలే.” తిప్పన్న పార అందుకుని కాలువ గట్టు తెంచాడు. “బిడ్డకు వంట అయినంక, నా వంతు నీళ్లు కింది మడికి తిప్పన్నా, అనింది.”