మసి పట్టని దీపం

కొల్లాపూర్ మగ్గాల వాడలో పొద్దుగూకింది. జానయ్య ఇంట్లో కొత్తగా కరెంటు బల్బు బిగించి లైన్‌మన్ స్టూలు దిగాడు. మగ్గం గుంటలో కూర్చున్న ఆ ముసలి నేతగాడు, పోగుల మీద వంగినవాడు వంగినట్టే, అడగడం మొదలుపెట్టాడు.

“దీంట్ల గ్యాసునూనె యాడ పోస్తరు బిడ్డా?”

“నూనెతోని పనిలేదు తాతా. అంతా తీగెలనే వస్తది.”

“గాలొస్తే ఆరదా?”

“దుమారమొచ్చినా ఆరదు.”

“మరి బీడీ ముట్టించుకోవచ్చునా?”

లైన్‌మన్ పగలబడి నవ్వాడు. “అగ్గిపెట్టె పారెయ్యకు తాతా!”

“నవ్వకు బిడ్డా. మగ్గం మీద తెల్లచీర ఉన్నది. మసి వడ్తదా?”

“జరంత గూడ వడదు.”

జానయ్య ముఖం విప్పారింది. “యాడాది సంది గీ కందిలి ఎలుతురుకు తెగిన పోగు దొరుకుతలేదు. దీనికి కండ్లవడ్తది గదా?”

“సూది గూడ కండ్లవడ్తది.”

“అయితే ఇగ ముట్టియ్యి. దండం పెట్టుకుంట.” చేతులు జోడించి ఎదురుచూశాడు.

లైన్‌మన్ నవ్వు ఆగిపోయింది. జానయ్య నెత్తిమీద బల్బు అప్పటికే వెలుగుతోంది. గడప దగ్గర నిలబడి దానికి దండం పెట్టిన అతని భార్య ఆండాలు ఇంకా చేతులు దించనేలేదు.

ఆమె మెల్లగా వెళ్లి స్విచ్చి నొక్కి బల్బు ఆర్పేసింది.

“కరెంటు ఇంకా రాలేదంట,” అంది చీకట్లోంచి. “రేపొస్తదంట.”