మూడో వరుసలో దగ్గు

ఇరుగుపొరుగు ఫ్రిజ్‌ల ఎంగిలి కరెంటు తగిలితే పాట మైలపడుతుందని మా ఆయన కురమోచి, రికార్డు ప్లేయర్ కోసం ఇంటి ముందు సొంత కరెంటు స్తంభమే పాతించాడు. యొకొహామాలో ఈ పిచ్చి ఉన్నవాళ్లందరూ దాన్ని చూసి కుళ్లుకుంటారు.

ఆదివారం షియోమి అనే పెద్దాయన వినడానికి వచ్చాడు. మా ఆయన ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, ఊపిరి బిగబట్టి రికార్డు మీదికి దించాడు. నేను టీ కప్పు కింద పెట్టిన చప్పుడుకి గుడ్లురిమాడు.

అదొక పాత పియానో కచేరీ. మధ్యలో ఎవరో దగ్గారు.

"విన్నారా? ఎడమవైపు, మూడో వరుస! దగ్గినవాడు ఎక్కడ కూర్చున్నాడో కూడా చెబుతుంది నా సెట్టు."

షియోమి మొహం వెలిగిపోయింది. "ఆ దగ్గు నాదేనండీ! ఆ రోజు నాకు ఒకటే జలుబు. కాకపోతే నేను కూర్చుంది కుడివైపు. స్పీకర్ వైర్లు అటువి ఇటు పెట్టారేమో, ఒకసారి చూడండి."

మా ఆయన ముల్లు పైకెత్తేశాడు. అంత నిశ్శబ్దం ఆ స్తంభం కూడా తేలేదు.

"నా ముల్లు అబద్ధం చెప్పదండీ," అన్నాడు మా ఆయన. "ఆ రోజు మీరే వేరే కుర్చీలో కూర్చుని ఉంటారు."

షియోమి నడుం దాకా వంగాడు. "క్షమించండి. అలాగే అయ్యుంటుంది."

మరుసటి ఆదివారం షియోమితో పాటు కొత్తవాళ్లు వచ్చారు. మా ఆయన అదే రికార్డు పెట్టాడు. "ఈ దగ్గు మన షియోమిగారిదే. ఎడమవైపు, మూడో వరుస."

"అవునండీ, ఎడమవైపే," అన్నాడు షియోమి గర్వంగా. "ఇక్కడ విన్నాకే గుర్తొచ్చింది."