గ్లోబు మీద గోరంత

“మనది మనం తీస్కుంటే తప్పేంది?” అన్నాడు హన్మాండ్లు.

“తప్పని ఎవరన్నరన్నా? వాళ్లకాడ అణుబాంబు ఉన్నది. మనం ఇట్ల పోతే వాళ్లు అట్ల ఏస్తరు. సరిహద్దుల రెండు దిక్కుల ఫౌజు నిలబడ్డదని రేడియోల జెప్తలేరా?” అన్నాడు దయాకర్.

“మనకాడ లేదా బాంబు?”

“ఉంటే? ముందుగాల సచ్చేది ఆ జాగల ఉన్నోళ్లే. మనుషులు లేని నేల తీస్కొని ఏం జేస్కుంటవు?”

హన్మాండ్లు చేతిలోని సన్న కుంచె వైపు చూసుకున్నాడు. అంత పెద్ద దండయాత్రకు ఆయన దగ్గరున్న ఆయుధం అదొక్కటే.

గల్ఫ్‌లో, ముసఫ్ఫా లేబర్ క్యాంపులో ఆయన మంచం మీద కొత్త గ్లోబు ఉంది. మూడేళ్లకు ఊరికి పోతున్నాడు, సాయంత్రమే ఫ్లైటు. బిడ్డ వాసంతి అడిగింది ఈ గ్లోబు ఒక్కటే. తీరా కొన్నాక చూస్తే ఇండియా అంతా పసుపు, కశ్మీర్‌లో గోరంత ముక్క మాత్రం పాకిస్తాన్‌ లెక్క ఆకుపచ్చ. పోయినేడు పక్కింటి పిల్ల ఇట్లాంటి గ్లోబే బడికి తీసుకుపోతే, సోషల్ సారు “ఇదేం దేశం?” అని అందరి ముందూ పక్కకు విసిరేశాడట. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చిందని వాసంతే ఉత్తరం రాసింది. తన బిడ్డకు ఆ గతి పట్టొద్దని హన్మాండ్లు ఆరాటం.

“జరంత పసుపు పూస్తే ఖలాస్” అన్నాడు.

“పూస్తవు సరే. సనావుల్లా భాయ్ జూస్తే?”

అసలు భయం అదీ. సనావుల్లాది ఆ పచ్చ ముక్కే. వీళ్లు పనిచేసే గ్యారేజీలో రంగులు కలిపేది ఆయన. ఆయన చెయ్యి పడితే, కారుకు దెబ్బ తగిలిన చోటేదో ఓనరే కనిపెట్టలేడు. నిరుడు హన్మాండ్లుకు జ్వరమొస్తే పది రోజులు గంజి కాచి తాగించింది కూడా ఆయనే.

అంతలోనే సనావుల్లా చాయ్ గ్లాసులతో వచ్చాడు. గ్లోబు చూసి చిన్నపిల్లాడిలా సంబరపడి, పచ్చ ముక్క మీద గోరు ఆనించాడు.

“దేఖో భాయ్, మేరా గావ్! మా అమ్మీ ఉండేది ఇక్కడే” అన్నాడు ఉర్దూలో. తర్వాత కుంచె కనపడింది. “యే క్యా?”

అబద్ధమాడటం హన్మాండ్లుకు చేతకాదు. బిడ్డ సంగతి, సారు సంగతి అన్నీ చెప్పేశాడు. చాయ్‌లు అయ్యాక సనావుల్లా ఖాళీ గ్లాసులు ఏరుకొని వెళ్లిపోయాడు.

“అయిపాయె. బాంబు పడ్డది” అన్నాడు దయాకర్.

“వద్దురా! ఎట్లున్నదో అట్లనే తీస్కపోత. సారుతోటి నేనే మాట్లాడుత. గంజి పోసినోని మనసు ఇరగ్గొట్టి నేను ఏ రాజ్యమేలాలె?”

కుంచె పక్కన పడేసి, పిల్లలకు బిస్కెట్లు కొనడానికి బజారుకు పోయాడు.

తిరిగొచ్చేసరికి గోరంత ముక్క కూడా పసుపైపోయింది. హన్మాండ్లుకు ఒళ్లు మండింది.

“దయాకర్‌గా! వద్దంటే ఇనవా?”

“మా అవ్వ తోడన్నా, నేను ముట్టలే! బట్టలు పిండుకుంటున్న” అంటూ దయాకర్ సబ్బు నురగ చేతులు చూపించాడు.

హన్మాండ్లు గ్లోబును కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. పాత పసుపు ఎక్కడిదాకో, కొత్తది ఎక్కడినుంచో ఎంత చూసినా తెలియలేదు. మధ్యలో ఆవగింజలో సగమంత పచ్చ చుక్క మాత్రం మిగిలి ఉంది.

అది సనావుల్లా వాళ్లమ్మ ఉండే చోటు.