ఉంగరం సైజు

అతను ఊపిరి బిగబట్టి, నిద్రపోతున్న భార్య ఉంగరాన్ని వేలి కణుపు దాకా జరిపాడు. ఖాళీ అయిన చోట సన్నటి కాగితం ముక్క చుట్టి, కొసలు కలిసినచోట పెన్సిలుతో గీత పెట్టాడు. ఉంగరాన్ని మళ్ళీ కిందికి దించాడు. ఆమె కదల్లేదు.

ముప్పై ఏళ్ళుగా సెలూన్ నడుపుతున్నాడు. కుర్చీలో కునుకు తీసేవాళ్ళని లేపకుండా గడ్డం గీసిన చెయ్యి అది. మధ్యాహ్నం అతను భోజనానికి ఇంటికొచ్చే వేళకి, ఆమె మందుల మత్తులో ఓ గంట పడుకుంటుంది. కొలవడానికి అదే అదను.

ఆ పద్ధతి కంసాలి నేర్పాడు. ఆమెని వైద్యానికి తీసుకెళ్ళే ఆసుపత్రి ఎదురుసందులోనే ఆయన దుకాణం.

“పొద్దున్నే కొలవకండి. చల్లటి వేలు ముడుచుకుని ఉంటుంది. మధ్యాహ్నం ఒళ్ళు వెచ్చబడ్డాక కొలవండి. దారం వద్దు, సాగుతుంది. కాగితమే మంచిది. అయినా, ఆవిడనే తీసుకురావచ్చుగా?”

“దానికి తెలియకూడదండీ.” అతను తలొంచుకున్నాడు. “బరువు చూసే మెషీను ఎక్కిస్తే కళ్ళు మూసుకుంటుంది. అద్దం చూడటమే మానేసింది. మొన్న గిన్నెలు కడుగుతుంటే ఉంగరం జారి సింకులో పడింది. ఆ రోజంతా ముద్ద ముట్టలేదు.”

కంసాలి సన్నటి కాగితం ముక్క కత్తిరించి అతని చేతిలో పెట్టాడు.

రెండు వారాలకోసారి నర్సు ఆమె ఉంగరం తీయించి అతని చేతిలో పెట్టి, ఆమెను లోపలికి తీసుకెళ్ళేది. బయటికి రావడానికి మూడు గంటలు పట్టేది. ఈలోగా అతను సందులోకి పరిగెత్తి, కాగితం ముక్క ఇచ్చి, ఉంగరం చిన్నది చేయించుకుని, ఏమీ ఎరగనట్టు బెంచీ మీద కూర్చునేవాడు. ఆమె రాగానే తనే వేలికి తొడిగేవాడు.

ఒకరోజు అతని అక్క చూడ్డానికి వచ్చింది. గుమ్మంలోనే నోరు జారింది.

“ఇదేంటే, ఇలా పుల్లలా అయిపోయావు!”

“మీకు చూపు ఆనట్లేదు వదినా.” ఆమె నవ్వి చెయ్యి చాపింది. “ఇదిగో, పెళ్ళినాటి ఉంగరం. ఇసుమంతైనా వదులు కాలేదు. చిక్కితే జారిపోదూ?”

అక్క తమ్ముడి వైపు చూసింది. అతను టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు. అయినా మనసు తేలికపడింది. ఆ పూట ఆమె అడిగి మరీ రెండు ముద్దలు ఎక్కువ తింది. అతనూ చాన్నాళ్ళకి కడుపునిండా తిన్నాడు.

ఐదోసారి కంసాలి కాగితం ముక్కని స్కేలు మీద పెట్టి పెదవి విరిచాడు.

“ఇంక తగ్గిస్తే కణుపు దాటదండీ. కండ కరిగింది గానీ ఎముక కరగదుగా. ఉంగరం లోపలివైపు రెండు చిన్న బంగారు పూసలు అతికిస్తాను. వేలికి ఆనుకుని, తిరగకుండా ఉంటుంది.”

“ఒరుసుకోవు కదా?”

“నున్నగా అరగదీస్తాను.”

ఆ తర్వాత ఆమె నలభై రోజులు బతికింది.

మరో నెలకి అతను మళ్ళీ దుకాణం మెట్లెక్కాడు. మనిషి సగమయ్యాడు. సెలూన్ తెరుస్తున్నాడు గానీ చేతిలో కత్తెర నిలవడం లేదు.

“పూసలు తీసేసి, పెళ్ళినాటి సైజుకి పెంచండి,” అంటూ ఉంగరం కౌంటరు మీద పెట్టాడు. “కట్టుకున్నదాన్ని ఆఖరి దాకా మోసం చేశాను. ఒక్కనాడూ కనిపెట్టలేదు పిచ్చిది. అదే నన్ను తినేస్తోంది.”

కంసాలి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు.

“కాగితం ముక్క లేకుండా మీరొస్తే ఒక మాట చెప్పమన్నారండీ.”

“ఎవరు?”

“మీ ఆవిడే. పూసలు అతికించిన వారంలో ఫోన్ చేశారు. మీ చొక్కా జేబులో మా కార్డు దొరికిందట.”

అతను కౌంటరు అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“ఏం చెప్పమంది?”

“ఆయన కొలిచేటప్పుడు నేనెప్పుడూ నిద్రపోలేదని.”