ఇరవైకి ఆగాలి, నలభైకి లేవాలి

"ఇది కాదు. ఇంకోటి చూపించండి," అందామె.

సోలార్ ఇన్వర్టర్ల షోరూములో మేనేజరు అప్పటికే చాలా మోడళ్ళు చూపించాడు. ఆమె అన్నిటికీ ఒకటే అడిగి పక్కన పెట్టేస్తోంది. బ్యాటరీ ఎంతకి దిగితే ఆగిపోతుంది? ఎంతకి ఎక్కితే మళ్ళీ మొదలవుతుంది?

"అందరూ వారంటీ అడుగుతారు, రంగు అడుగుతారు. ఇవెవరూ అడగరు మేడం," అన్నాడు మేనేజరు విసుగు దాచుకుంటూ. అతను ఈ షోరూముకి కొత్త. ఇలాంటి బేరం తగలడం ఇదే మొదలు.

"అడగక ఏం చేయను? మా ఇంట్లో ఉన్నది ప్రాణం తీస్తోంది. బ్యాటరీ సగానికి దిగగానే టక్కున ఆగిపోతుంది. ఆగిందంటే ఇక తొంభై శాతం నిండేదాకా కిక్కురుమనదు. పైన ప్యానెళ్ళు ఎండకి మాడుతుంటాయి, కింద ఫ్యాను తిరగదు."

"సగం చార్జింగ్ దాచి ఉంచితే బ్యాటరీ పదికాలాలు మన్నుతుంది మేడం."

"బ్యాటరీ మన్నుతుంది. మా మామగారి వీపు మన్నొద్దూ?"

మేనేజరుకి అర్థం కాలేదు. ఆమె చెప్పుకొచ్చింది. మామగారికి పక్షవాతం. మాట పోయింది. పుండ్లు పడకుండా గాలి పరుపు మీద పడుకోబెట్టారు. ఓ చిన్న మోటారు దానికి ఎప్పుడూ గాలి పడుతూ ఉండాలి. మోటారు ఆగితే పరుపు చప్పబడిపోతుంది, ఆయన వీపు మంచం చెక్కకి ఆనుతుంది. మానుతున్న పుండు మళ్ళీ రేగింది. ఇవాళ లైన్ల మరమ్మతని పొద్దున్నే కరెంటు తీసేశారు, సాయంత్రం దాకా రాదు. ఇన్వర్టరూ ఆగి కూర్చుంది. పక్కింటి పిన్నిగారిని ఆయన దగ్గర కూర్చోబెట్టి పరుగెత్తుకొచ్చింది.

"ఇంతకీ మీ ఇంట్లో ఉన్నది ఏ కంపెనీది?"

"మీదే. ఇదిగో, ఈ మోడలే," అని గోడకి బిగించిన దాన్ని చూపించింది.

మేనేజరు తల పట్టుకున్నాడు. "అయ్యో, దానికోసం కొత్తదెందుకు మేడం! ఆ రెండంకెలూ మార్చుకోవచ్చు. ఇరవైకి ఆగాలి, నలభైకి లేవాలి. మరీ దగ్గర దగ్గరగా పెట్టినా తంటానే, ఆరుతూ వెలుగుతూ చంపుతుంది. బిగించిన రోజే మా మెకానిక్ సెట్ చేసి ఉండాలే!"

"బిగించారు. సెట్టింగులు రేపు చూద్దాం అన్నారు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. పోనీ నేనే నొక్కుదామంటే, ముట్టుకుంటే పాడైపోతుందని బెదిరించారు."

"మీవారైనా కాస్త గట్టిగా అడగాల్సింది."

"ఆయనా?" ఆమె మేనేజరు వంక అదోలా చూసింది. "ఆయన సంగతి ఎత్తకండి."

మేనేజరుకి పౌరుషం వచ్చింది. కంప్యూటర్లో కంప్లయింటు ఎక్కించి మెకానిక్‌కి ఫోను కలిపాడు.

"చూడూ, మిగతావన్నీ ఆపి ముందు ఈ ఇంటికి వెళ్ళు. పాపం పెద్దాయన నరకం చూస్తున్నాడట. అడ్రసు పంపాను చూసుకో."

అవతల బండి కీచుమంటూ ఆగిన చప్పుడైంది.

"వినపడుతోందా?"

"ఆ... వెళ్తున్నా సార్."

మేనేజరు ఫోను పెట్టేసి చిన్నగా దగ్గాడు. "మంచి పనిమంతుడు మేడం. పిలిస్తే పలుకుతాడు. అతని మీద కంప్లయింటు రావడం ఇదే మొదలు."

"సంతోషం," అందామె లేస్తూ.

ఆమె ఇల్లు చేరేసరికి మెకానిక్ గుమ్మం ముందు బండి ఆపుతున్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఇంత చిన్నదానికి షోరూం దాకానా?" అన్నాడు పళ్ళు నూరుతూ.

"చిన్నదో పెద్దదో లోపలికొచ్చి చూడండి."

పిన్నిగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి మెల్లగా జారుకుంది. పరుపు దుప్పటిలా పలచబడి ఉంది. దాని మీద పెద్దాయన మెకానిక్‌ని చూసి వంకరపోయిన పెదవులతోనే నవ్వారు. అతను తల దించుకుని మెట్ల కింద ఉన్న ఇన్వర్టర్ దగ్గరికి నడిచాడు.

తెర మీద బ్యాటరీ అరవై శాతం చూపిస్తోంది. అంత చార్జింగ్ కడుపులో పెట్టుకుని ఇల్లంతా చచ్చుబడి ఉంది. అది చూసేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఈలోగా మెకానిక్‌కి మేనేజరు ఫోను. స్పీకరు పెట్టమన్నాడు.

"మేడంకి సారీ చెప్పావా?"

మెకానిక్ ఆమె వైపు చూశాడు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"సారీ మేడం."

"సరిగ్గా వినపడలేదండీ," అందామె.

"సారీ మేడం!"

నాలుగు మీటలు నొక్కాడు. ఆగడానికి ఇరవై, లేవడానికి నలభై. అంతే. ఇన్వర్టర్ కిర్రుమంది. ఫ్యాను కదిలింది. గదిలో మోటారు గుర్రుమంటూ పరుపుకి గాలి పట్టడం మొదలుపెట్టింది. ఈ మాత్రం దానికా ఇన్నాళ్ళూ ఏడిపించారు అనుకునేసరికి ఆమెకి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మేడం ఫోనుకి ఓటీపీ వచ్చుంటుంది. అది చెప్తేనే ఇక్కడ కంప్లయింటు మూసేది," అన్నాడు మేనేజరు.

"ఓటీపీ చెప్పండి మేడం," అన్నాడు మెకానిక్ గోడ వైపు చూస్తూ.

"ముందు ఆ పరుపు నొక్కి చూడండి."

వెళ్ళి నొక్కాడు. గట్టిపడుతోంది. పెద్దాయన బాగున్న చెయ్యి మెల్లగా లేచి అతని మణికట్టు పట్టుకుంది. అతను విడిపించుకోలేదు.

ఆమె ఓటీపీ చదివింది. మేనేజరు థాంక్స్ చెప్పి లైను కట్ చేశాడు. మెకానిక్ హడావిడిగా సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"ఇంకా మూడిళ్ళకి వెళ్ళాలి," అని గొణిగాడు.

ఆమె ఆ సంచి లాగి పక్కన పడేసి, "వాళ్ళెక్కడికీ పోరు గానీ, కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి ఈ పూటైనా మీ చేత్తో నాలుగు ముద్దలు పెట్టండి మీ నాన్నకి," అంది.