నలభయ్యో వ్యాసం

సినిమాలో లేని హత్య ఒకటి ఆ అమ్మాయి వ్యాసంలో దొరికింది.

"భార్య తెడ్డుతో భర్త తల పగలగొట్టి చెరువులోకి తోసేసిందట!" సినిమా పాఠాలు చెప్పే లెక్చరర్ నాలుగు కాగితాలు ప్రిన్సిపాల్ బల్లమీద పడేశాడు. "మిగతా ముప్పైతొమ్మిది మందీ ఒకటే రాశారు మేడమ్. మొగుడూ పెళ్ళాం పడవలో నవ్వుకుంటారు, కథ సుఖాంతం. ఈవిడ సినిమా చూడనే లేదు. ఎవరితోనో రాయించుకొచ్చింది."

హాజరుపట్టీ తెరిచి చూపించాడు. సినిమా వేసిన రోజు అమ్మాయి క్లాసుకు రాలేదు.

రుజువైతే ఏడాది పాటు డిబార్. అమ్మాయి ముందుకొచ్చింది.

"ఆ రోజు జ్వరం మేడమ్. తర్వాత లైబ్రరీలో అదే డిస్క్ పెట్టుకుని ఒక్కదాన్నే చూశాను. హత్య ఉంది."

"మరి ముప్పైతొమ్మిది మందికీ కళ్ళు పోయాయా?" అన్నాడు లెక్చరర్.

పక్కన అమ్మాయి మేనమామ. దర్జీ. మెడలో టేపు తీయడం కూడా మరిచి పరిగెత్తుకొచ్చాడు. "సినిమాలో వాడు చస్తే చచ్చాడు, బతికితే బతికాడు. మధ్యలో మా పిల్ల చదువెందుకు చావాలండీ?"

"మీరాగండి," అంది ప్రిన్సిపాల్. "ఇంత పేచీ ఎందుకు? సినిమా వేసి చూద్దాం."

లెక్చరర్ నవ్వాడు. "పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను మేడమ్. డైలాగులు కూడా కంఠతా వచ్చు. వేయండి."

వేశారు. చివరికి తెరమీద పడవ కదిలింది. భర్త కూనిరాగం తీశాడు. భార్య ఫక్కున నవ్వింది.

లెక్చరర్ లేచాడు. "చూశారుగా! ఇంతే. ఆపేయండి."

ప్రిన్సిపాల్ రిమోట్ అందుకుంది. అమ్మాయి దాదాపు ఏడ్చేసింది. "ఒక్క నిమిషం మేడమ్! మీకు దణ్ణం పెడతాను, ఒకే ఒక్క నిమిషం!"

ప్రిన్సిపాల్ వేలు బటన్ మీద ఆగింది.

తెరమీద భార్య నవ్వూ ఆగింది. తెడ్డు పైకి లేచింది.

"ఓరి దేవుడో!" మేనమామ కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

ప్రిన్సిపాల్ నెమ్మదిగా లెక్చరర్ వైపు తిరిగింది. "ఏమండీ, ఇదేమిటి?"

అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎప్పుడు వేసినా సరిగ్గా ఈ నవ్వు దగ్గరే పీరియడ్ బెల్లు కొట్టేదండీ, ఇంకేముంటుందిలే అని ఆపేసి నోట్సులో సుఖాంతమని నేనే రాయించేవాణ్ణి, ఇక్కణ్ణుంచి ఈ సినిమా నేనూ ఇవాళే చూస్తున్నాను మేడమ్."